కౌన్సెలర్ ఎవరి మనిషి?

సైకాలజీ చదివి బ్రిటన్ బాట పట్టిన తెలుగు పిల్లలు మొదటి ఏడాదిలోనే తేల్చేసుకోవాలని తొందరపడే ప్రశ్న ఒకటుంది. బడిలో కౌన్సెలర్‌గా చేరాలా, మానసిక ఆరోగ్య సేవల్లో స్థిరపడాలా? ఈ ప్రశ్న వేసేవాళ్లలో చాలామంది అమెరికా లెక్కలు మనసులో పెట్టుకుని వేస్తున్నారు. అమెరికాలో ఇవి రెండు వేర్వేరు వృత్తులు. స్కూల్ కౌన్సెలర్‌కు రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ ఉండాలి, మెంటల్ హెల్త్ కౌన్సెలర్‌కు రాష్ట్ర బోర్డు లైసెన్సు ఉండాలి. చదవాల్సిన మాస్టర్స్ కూడా వేరు. బ్రిటన్‌లో అలా లేదు. అక్కడ ఈ రెండు కొలువులకూ పునాది చదువు చాలావరకు ఒకటే. తేడా చదువు ముగిశాక మొదలవుతుంది. ఆ తేడా ఏమిటో సరిగ్గా అర్థం చేసుకోకుండా జీతం, సెలవులు చూసి ఎంచుకున్నవాళ్లు రెండు మూడేళ్లకే ఉక్కిరిబిక్కిరవుతున్నారు.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. బ్రిటన్‌లో కౌన్సెలర్ అన్న పేరుకు చట్ట రక్షణ లేదు. క్లినికల్ సైకాలజిస్ట్, ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్, కౌన్సెలింగ్ సైకాలజిస్ట్, ఆర్ట్ థెరపిస్ట్ వంటి పేర్లను హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్‌లో నమోదు కానివారు వాడుకుంటే నేరం. కౌన్సెలర్ అని, సైకోథెరపిస్ట్ అని మాత్రం ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. 2007లో అప్పటి ప్రభుత్వం ఈ వృత్తులనూ చట్టం కిందికి తెస్తామంది. 2010లో వచ్చిన మరో ప్రభుత్వం 2011లో ఆ ప్రయత్నం మానుకుంది. వృత్తి సంఘాలు తమ రిజిస్టర్లను తామే నడుపుకుంటాయి, ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ అథారిటీ వాటిని పరిశీలించి గుర్తిస్తుంది అన్న ఏర్పాటు చేసింది. ఈ సంఘాల్లో పెద్దది బ్రిటిష్ అసోసియేషన్ ఫర్ కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ. అందరూ బీఏసీపీ అంటారు. ఉద్యోగ ప్రకటనల్లో బీఏసీపీ సభ్యత్వమో, దానికి సమానమైనదో అడుగుతారు. చట్టం చేయాల్సిన పని అక్కడ యజమానులు చేస్తున్నారన్న మాట.

శిక్షణ ఎలా ఉంటుందంటే, లెవెల్ 2 సర్టిఫికెట్‌తో మొదలుపెట్టి లెవెల్ 4 డిప్లొమా దాకా మెట్టు మెట్టుగా వెళ్లవచ్చు. లేదా యూనివర్సిటీలో పీజీ డిప్లొమా, మాస్టర్స్ చేయవచ్చు. ఏ దారిన వెళ్లినా పర్యవేక్షణలో కనీసం 100 గంటలు నిజమైన మనుషులతో కూర్చుని పని చేయాలి. ఈ ప్లేస్‌మెంట్‌కు సాధారణంగా జీతం ఉండదు. చాలా కోర్సులు విద్యార్థి తానూ కొంతకాలం థెరపీకి వెళ్లాలంటాయి. ఆ ఖర్చు కూడా సొంతమే. బీఏసీపీ అక్రెడిటేషన్ కావాలంటే 450 గంటల అనుభవం చూపించాలి. ఉద్యోగం వచ్చాక కూడా నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తప్పదు. అంటే తన పని గురించి మరో అనుభవజ్ఞుడి ముందు కూర్చుని మాట్లాడాలి. మన దగ్గర వారం రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లి వచ్చి కౌన్సెలర్ అని పేరు తగిలించుకునేవాళ్లు ఈ ఒక్క నియమాన్ని గమనిస్తే చాలు.

చదువు ఒకటే, సంఘం ఒకటే, నైతిక నియమావళీ ఒకటే. మరి బడికీ, ఆరోగ్య సేవకూ తేడా ఏమిటి? జీతం ఎవరిస్తున్నారు, జవాబు ఎవరికి చెప్పాలి, ఎదుటి మనిషి ఎందుకు వచ్చాడు అన్నవే తేడా. నా దృష్టిలో ఈ వృత్తిని ఎంచుకునేవాళ్లు అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఇదే.

ఆరోగ్య సేవల వైపు చూద్దాం. 2006లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన ఆర్థికవేత్త రిచర్డ్ లేయర్డ్ బృందం డిప్రెషన్ రిపోర్ట్ పేరుతో ఒక నివేదిక ఇచ్చింది. దిగులు, ఆందోళనలతో పని మానుకున్నవాళ్లకు ప్రభుత్వం భృతి చెల్లిస్తోంది. అదే డబ్బుతో థెరపీ ఇస్తే వాళ్లు కోలుకుంటారు, పనిలోకి వెళ్తారు, ఖర్చు తిరిగి వస్తుంది అన్నది అందులోని వాదన. క్లినికల్ సైకాలజిస్ట్ డేవిడ్ క్లార్క్ దానికి వైద్య రూపం ఇచ్చారు. డాంకాస్టర్‌లోనూ, తూర్పు లండన్‌లోని న్యూహామ్‌లోనూ ప్రయోగం చేశారు. మన విద్యార్థులు ఒక్కో ఇంట్లో కిక్కిరిసి ఉండే ఈస్ట్ హామ్ ఈ న్యూహామ్‌లోనిదే. 2007 అక్టోబరులో ఆరోగ్య మంత్రి అలన్ జాన్సన్ మూడో ఏడాదికల్లా ఏటా 17.3 కోట్ల పౌండ్లు ఇస్తామని ప్రకటించారు. 2008లో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ కింద పథకం మొదలైంది. 2023లో దానికి ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్ అని పేరు మార్చారు.

ఈ పథకం కౌన్సెలింగ్ ప్రపంచంలో ఇంతకుముందు లేనిదాన్ని తెచ్చింది. అదే నిచ్చెన. సైకలాజికల్ వెల్‌బీయింగ్ ప్రాక్టిషనర్‌గా శిక్షణ పొందేటప్పుడే జీతం ఇస్తారు. శిక్షణ ముగిశాక ఎన్‌హెచ్‌ఎస్ జీతాల పట్టికలో బ్యాండ్ 5. ఇంగ్లండ్‌లో 2025-26 లెక్కన అది 31,049 పౌండ్లతో మొదలవుతుంది. పైమెట్టు హై ఇంటెన్సిటీ థెరపిస్ట్ బ్యాండ్ 7, అంటే 47,810 పౌండ్లు. పింఛను, సెలవు, అనారోగ్య భత్యం అన్నీ ఉంటాయి. డిప్రెషన్‌కు ఇచ్చే వ్యక్తి కేంద్రిత కౌన్సెలింగ్‌లో అదనపు శిక్షణ తీసుకుని, ఇప్పటికే కౌన్సెలర్లుగా ఉన్నవాళ్లు కూడా ఇందులోకి రావచ్చు. మధ్యతరగతి ఇంటి నుంచి అప్పు చేసి వెళ్లిన విద్యార్థికి ఈ నిచ్చెన ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

దానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. ప్రతి సమావేశానికీ ముందు ఎదుటి మనిషి రెండు ప్రశ్నపత్రాలు నింపాలి. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు దిగులు గురించి, గాడ్-7లో ఏడు ప్రశ్నలు ఆందోళన గురించి. ఆ అంకెలు తగ్గాయా లేదా అన్నదాన్ని బట్టి కోలుకున్నట్టో కాదో నిర్ణయిస్తారు. చికిత్స ముగించినవాళ్లలో దాదాపు సగం మంది కోలుకోవాలన్నది జాతీయ లక్ష్యం. కింది మెట్టు మీద ఉన్నవాళ్లు రోజంతా ఒకరి తర్వాత ఒకరికి, చాలాసార్లు ఫోన్‌లోనే, అయిదారు సమావేశాల్లో ముగిసే మార్గదర్శనం ఇస్తారు. లెక్క ఉండటం తప్పని నేననను. లెక్క ఉన్నందువల్లే ఈ సేవకు ఏటా నిధులు దక్కుతున్నాయి. కుటుంబ వైద్యుడైన జీపీ దగ్గరకు కూడా వెళ్లకుండా నేరుగా తమకు తామే పేరు నమోదు చేసుకునే వీలు లక్షల మందికి దొరికింది. కానీ మనిషి పక్కన తీరిగ్గా కూర్చోవాలన్న కోరికతో ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లు ఆ వేగానికి అలసిపోతారు. అక్కడ కౌన్సెలర్ చివరికి జవాబు చెప్పేది సేవ లక్ష్యాలకు.

బడి కథ దీనికంటే పాతది, దీనికంటే బాధాకరమైనది. 1963లో న్యూసమ్ కమిటీ నివేదిక బడుల్లో కౌన్సెలర్లు ఉండాలన్న ఆలోచనను ముందుకు తెచ్చింది. 1965లో కీల్, రెడింగ్ విశ్వవిద్యాలయాలు అనుభవం ఉన్న ఉపాధ్యాయులకు కౌన్సెలింగ్ కోర్సులు ప్రారంభించాయి. పదేళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత బడ్జెట్ కోతలు మొదలయ్యాయి. కోత పెట్టాల్సి వచ్చినప్పుడు బడి ముందుగా వదులుకునేది గణితం మాస్టారిని కాదు కదా. పిల్లల మనసు సంగతి క్లాస్ టీచర్లు చూసుకుంటారులే అని కౌన్సెలర్ పోస్టులు ఎత్తేశారు. 1980లు వచ్చేసరికి ఆ తరం దాదాపు కనుమరుగైంది. అది అవసరం లేదని ఎవరూ నిరూపించలేదు. చట్టంలో లేనిది కాబట్టి తీసేయడం సులువైంది, అంతే.

వేల్స్ మరో దారిలో వెళ్లింది. పాంటీప్రిడ్ దగ్గర ఒక బడిలో నాటకం నేర్పే ఉపాధ్యాయుడి మీద వచ్చిన లైంగిక వేధింపుల ఆరోపణలపై ఆ దేశపు తొలి బాలల కమిషనర్ పీటర్ క్లార్క్ విచారణ జరిపారు. 2004లో వెలువడిన ఆ నివేదిక పేరు క్లూయిచ్. వెల్ష్ భాషలో వినండి అని. పిల్లలకు చెప్పుకోవాల్సినవి ఉన్నాయి, బడిలో చెప్పుకోవడానికి బడికి చెందని మనిషి లేడు అన్నది విచారణలో తేలిన చేదు నిజం. ప్రతి బడిలోనూ పిల్లలకు స్వతంత్ర కౌన్సెలింగ్ అందాలని కమిషనర్ సిఫార్సు చేశారు. 2008లో జాతీయ వ్యూహం వచ్చింది. 2013లో పాఠశాల ప్రమాణాల చట్టంలోని 92వ సెక్షన్ దాన్ని స్థానిక ప్రభుత్వాల విధిగా మార్చింది. 11 నుంచి 18 ఏళ్ల పిల్లలకు, ప్రాథమిక పాఠశాల చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు స్వతంత్ర కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాల్సిందే.

స్వతంత్ర అన్న ఆ ఒక్క మాటలో ఎంత ఆలోచన ఉందో గమనించండి. కౌన్సెలర్ పనిచేసేది బడిలోనే. కానీ అతను ప్రధానోపాధ్యాయుడి కింద ఉద్యోగి కాదు. పిల్లవాడి మార్కులతో, క్రమశిక్షణతో అతనికి సంబంధం లేదు. పిల్లవాడి మాట స్టాఫ్ రూమ్‌కు చేరదు. వేల్స్‌లో ఏటా పది వేల మందికి పైగా పిల్లలు ఈ సేవకు వస్తున్నారు. కుటుంబ సమస్యలు, ఆందోళన ముఖ్య కారణాలుగా కనిపిస్తున్నాయి. అత్యధికులకు కౌన్సెలింగ్ పూర్తయ్యాక మరో సేవకు పంపాల్సిన అవసరమే రాలేదు. అంటే ఆస్పత్రి దాకా వెళ్లాల్సిన బాధను బడిలోనే ఆపగలిగారు.

స్కాట్లాండ్ 2018లో సెకండరీ బడులన్నిటికీ కౌన్సెలర్లను ఇస్తామని నిధులు కేటాయించింది. ఉత్తర ఐర్లండ్‌లో 2007 నుంచి సెకండరీ బడుల్లో స్వతంత్ర కౌన్సెలింగ్ ఉంది. ప్రాథమిక బడుల కోసం 2021లో హెల్తీ హ్యాపీ మైండ్స్ పేరుతో మొదలుపెట్టిన పథకాన్ని మాత్రం 2023 మార్చిలో డబ్బుల్లేవని ఆపేశారు. అప్పటికి కౌన్సెలర్ గదిలోకి వెళ్లడం అలవాటు చేసుకుంటున్న ఏడెనిమిదేళ్ల పిల్లలకు పెద్దవాళ్లు ఏమని చెప్పుకున్నారో!

ఇంగ్లండ్‌లో ఈరోజుకీ అలాంటి చట్టం లేదు. ప్రధానోపాధ్యాయుడికి ఇష్టమై, బడ్జెట్ మిగిలితే కౌన్సెలర్ ఉంటారు. 1994లో మొదలైన ప్లేస్‌2బీ వంటి ఛారిటీలు వందల బడుల్లో ఆ ఖాళీని పూడుస్తున్నాయి. 2017లో ప్రభుత్వం ఒక చర్చా పత్రం (గ్రీన్ పేపర్) విడుదల చేసి మెంటల్ హెల్త్ సపోర్ట్ టీమ్‌లను తెచ్చింది. వీటిలో పనిచేసే ఎడ్యుకేషన్ మెంటల్ హెల్త్ ప్రాక్టిషనర్లు ఏడాది శిక్షణ పొంది, ఎన్‌హెచ్‌ఎస్ జీతం తీసుకుంటూ, కొన్ని బడులకు కలిపి పనిచేస్తారు. స్వల్ప స్థాయి ఆందోళన, దిగులు ఉన్న పిల్లలకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పద్ధతిలో కొద్ది వారాల సాయం అందిస్తారు. 2029-30 కల్లా ప్రతి బడికీ ఈ బృందాలు అందుతాయని ప్రస్తుత లేబర్ ప్రభుత్వం చెబుతోంది. ఇది మంచి అడుగే. బడికీ ఆరోగ్య సేవకూ మధ్య నిలబడే ఈ మూడో కొలువును మన విద్యార్థులు తప్పక చూడాలి. జీతంతో కూడిన శిక్షణ, బడి వాతావరణం, ఎన్‌హెచ్‌ఎస్ భద్రత మూడూ ఇందులో ఉన్నాయి. అయితే ఇది కౌన్సెలింగ్ కాదు. తల్లి చనిపోయిన పిల్లవాడికో, ఇంట్లో రోజూ కొట్లాట చూస్తున్న అమ్మాయికో వర్క్‌షీట్ సరిపోదు. అలాగని పెద్దాసుపత్రి తరహా పిల్లల మానసిక సేవకు వెళ్లేంత తీవ్రత వాళ్లలో కనిపించదు. ఆ మధ్యనున్న పిల్లల కోసమే బడి కౌన్సెలర్ కావాలి.

కావాలని ఊరికే అనడం లేదు. రోహాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మిక్ కూపర్ బృందం గ్రేటర్ లండన్‌లోని 18 బడుల్లో 329 మంది పిల్లలతో ఎథోస్ పేరిట ఒక పరీక్ష జరిపింది. 2021లో లాన్సెట్ పిల్లల ఆరోగ్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. బడి మామూలుగా ఇచ్చే ఆసరా మాత్రమే దొరికిన పిల్లల కంటే, దానితో పాటు వారం వారం కౌన్సెలర్ దగ్గర కూర్చున్న పిల్లల్లో మనోవేదన తగ్గింది. తగ్గుదల పెద్దది కాదు, ఖర్చు మాత్రం పెరిగింది అని కూడా ఆ పరిశోధకులే నిజాయితీగా రాశారు. నా మట్టుకు నాకు ఇది బడి కౌన్సెలింగ్‌కు వ్యతిరేక వాదన కాదు. ఇంగ్లండ్‌లో 8 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో అయిదుగురిలో ఒకరికి మానసిక రుగ్మత ఉండవచ్చని 2023 జాతీయ సర్వే చెప్పింది. ఆ స్థాయి సమస్య ముందు కొద్దిపాటి ఉపశమనం కూడా వేల ఇళ్లలో తేడా తెస్తుంది.

ఇక్కడ మన ఇళ్ల సంగతి మాట్లాడుకోవాలి. ఇంటి గుట్టు లంకకు చేటు అని వింటూ పెరిగినవాళ్లం మనం. హౌన్స్‌లోలోనో, రెడింగ్‌లోనో, మిల్టన్ కీన్స్‌లోనో ఉన్న తెలుగు కుటుంబం పిల్లాడిని మానసిక వైద్యం కోసం జీపీ దగ్గరకు తీసుకెళ్లడానికి పదిసార్లు ఆలోచిస్తుంది. ఆ జీపీ తెలుగు డాక్టరైతే, ఉగాది సభలో ఎదురుపడే మనిషైతే, ఇక వెళ్లనే వెళ్లదు. బడికి ఆ అడ్డు లేదు. ఎవరూ వెంట తీసుకెళ్లనక్కర్లేదు, పిల్లవాడు తనంతట తానే తలుపు తట్టవచ్చు. మన పిల్లలకు బడి కౌన్సెలర్ అవసరం మిగతావాళ్ల కంటే ఎక్కువ అని నేననుకోవడానికి కారణం ఇదే.

ఆ తలుపు వెనుక ఉన్న చట్టం మన తల్లిదండ్రులకు మింగుడుపడదు. 1985లో గిలిక్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పు ప్రకారం, 16 ఏళ్లలోపు పిల్లలైనా విషయాన్ని అర్థం చేసుకునే పరిణతి ఉంటే తమ చికిత్సకు తామే సమ్మతి తెలపవచ్చు. కౌన్సెలింగ్‌కూ ఇదే సూత్రం వర్తింపజేస్తున్నారు. పిల్లవాడు వద్దంటే, అతనికి ప్రమాదం లేదని తోస్తే, లోపల ఏం మాట్లాడాడో కౌన్సెలర్ అమ్మానాన్నలకు చెప్పరు. ‘మా అబ్బాయి మీతో ఏం చెప్పాడండీ, మాకు చెప్పకపోతే ఎలాగండీ’ అని అడిగే తండ్రి గొంతులో కోపమూ ఉంటుంది, భయమూ ఉంటుంది. ఆ తండ్రిని అవమానించకుండా, పిల్లవాడి నమ్మకం పోగొట్టకుండా మాట్లాడటం బడి కౌన్సెలర్ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. మరోవైపు పిల్లవాడికి హాని జరుగుతోందని తెలిస్తే రహస్యం అన్న మాటే ఉండదు. ఆ బడిలో పిల్లల రక్షణకు బాధ్యుడైన డెజిగ్నేటెడ్ సేఫ్‌గార్డింగ్ లీడ్‌కు ఆ రోజే చెప్పాలి. ఎక్కడ నోరు విప్పాలి, ఎక్కడ విప్పకూడదు అన్న నిర్ణయం వారానికి ఎన్నిసార్లో ఒంటరిగా తీసుకోవాలి. ఆరోగ్య సేవలో చుట్టూ తోటి థెరపిస్టులుంటారు. బడిలో ఆ పని తెలిసిన మనిషి మీరొక్కరే ఉండవచ్చు. ఈ ఒంటరితనానికి సిద్ధపడనివాళ్లు బడి వైపు వెళ్లకపోవడమే మంచిది. సెలవులు ఎక్కువని వెళ్లేవాళ్లు అసలే వెళ్లకూడదు. ఆ సెలవుల్లో ఎక్కువభాగానికి జీతం ఉండదు కూడా. చాలా ఒప్పందాలు టర్మ్ టైమ్‌వి. ఏడాదికి 39 వారాల పనికి వచ్చే జీతాన్నే పన్నెండు నెలలకు సర్ది ఇస్తారు. గంటల లెక్కన స్వయం ఉపాధి మీద వెళ్లేవాళ్లకు ఆగస్టులో రాబడే ఉండదు.

భాష సంగతి తీసుకుంటే లెక్క తారుమారవుతుంది. బ్రిటన్‌లో పెరిగిన తెలుగు పిల్లవాడు తన బాధ ఇంగ్లీషులోనే చెప్పుకుంటాడు. అతనికి తెలుగు మాట్లాడే కౌన్సెలర్ అక్కర్లేదు. తెలుగు ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి దొరికితే చాలు. ఎ-లెవెల్స్‌లో ఒక గ్రేడు తగ్గితే ఇంట్లో ఎందుకు నిశ్శబ్దం అలముకుంటుందో, మెడిసిన్ వద్దనడం ఎందుకు నేరమవుతుందో వివరించక్కర్లేని మనిషి కావాలి. పెద్దవాళ్ల విషయం అలా కాదు. డిపెండెంట్ వీసా మీద వచ్చి నాలుగు గోడల మధ్య ఉండిపోయిన ఇల్లాలు, ఊళ్లో పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టి గోదాములో రాత్రి షిఫ్టు చేస్తున్న విద్యార్థి, కోడలి మాటా మనవల మాటా అర్థం కాక పార్కు బెంచీకి అలవాటు పడిన తండ్రి. వీళ్లు తమ భాషలో తప్ప మనసు విప్పలేరు. దుబాసీని పక్కన పెట్టుకుని ఏడవడం ఎవరివల్లా కాదు. లండన్‌లో 1983లో జాఫర్ కరీమ్ స్థాపించిన నఫ్సియాత్ సంస్థ ఇరవైకి పైగా భాషల్లో థెరపీ ఇస్తూ ఈ అవసరాన్ని ఎప్పుడో గుర్తించింది. అల్పసంఖ్యాక జాతుల వాళ్లు టాకింగ్ థెరపీస్‌కు తక్కువగా వస్తున్నారని, వచ్చినవాళ్లకూ ఫలితం తక్కువగా ఉంటోందని ఎన్‌హెచ్‌ఎస్ రేస్ అండ్ హెల్త్ అబ్జర్వేటరీ కోసం 2023లో జరిగిన సమీక్ష తేల్చింది. కాబట్టి తెలుగు బాగా వచ్చిన యువతీయువకులు తమ భాషనే అర్హతగా భావించి పెద్దల సేవల వైపు వెళ్లడంలో అర్థం ఉంది. అక్కడ పుట్టి పెరిగి, తెలుగు తడబడుతూ మాట్లాడే రెండో తరం వాళ్లకు బడిలో సహజమైన చోటు ఉంది. ఈ తేడాను వృత్తి సలహాదారులు ఎవరూ చెప్పరు గనుక ఇంతగా చెప్పాల్సి వచ్చింది.

ఇక వీసా. అప్పు చేసి వెళ్లేవాళ్లకు ఇది చెప్పకపోతే అన్యాయం. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు స్వయం ఉపాధి చేయకూడదు, అంటే ప్రైవేటుగా ఒక్క క్లయింటును చూడటానికీ వీల్లేదు. చదువు తర్వాత వచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లలో బ్యాచిలర్స్, మాస్టర్స్ వాళ్లకు అది ఏడాదిన్నరే. స్కిల్డ్ వర్కర్ వీసాకు 2025 జూలై నుంచి సాధారణ కనీస జీతం 41,700 పౌండ్లు. టర్మ్ టైమ్ జీతంతో బడి కౌన్సెలర్ ఆ గీత దాటడం దాదాపు అసాధ్యం. స్థిరపడే హక్కు ఉన్నవాళ్లకు తెరిచి ఉన్న దారి, కొత్తగా వెళ్లినవాళ్లకు సగం మూసే ఉంది. ఈ సంగతి దాచి కౌన్సెలింగ్ మాస్టర్స్‌కు పిల్లలను పంపే కన్సల్టెన్సీలు వాళ్ల జీవితాలతో ఆడుకుంటున్నాయి. సైకాలజీలో గట్టి డిగ్రీ ఉండి, దీర్ఘకాలం నిలబడే ఓపిక ఉంటే క్లినికల్ లేదా ఎడ్యుకేషనల్ సైకాలజీ డాక్టరేట్ మూడేళ్ల చదువు. చట్ట రక్షణ ఉన్న పేరు వస్తుంది. పోటీ తీవ్రం, సీట్లకు వచ్చే ప్రభుత్వ నిధులు ఎక్కువగా అక్కడ స్థిరపడినవాళ్లకే.

ఇవన్నీ చూశాక నా సలహా ఇది. మొదటి ఏడాదిలో దేనికీ కట్టుబడవద్దు. పునాది శిక్షణ గట్టిగా తీసుకోండి. ఆ 100 గంటలను రెండుగా విభజించి, వీలైతే కొంత బడిలో, కొంత పెద్దల సేవలో చేయండి. పిల్లలతో పని చేయాలంటే దానికి ప్రత్యేక శిక్షణ తీసుకోండి. పెద్దల కోసం నేర్చుకున్నది పిల్లలకు సరిపోతుందని అనుకోవద్దు. బడిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తే నాలుగు విషయాలు అడగండి. నా సూపర్‌విజన్‌కు డబ్బు ఎవరు కడతారు? నా నోట్స్ ఎక్కడ ఉంటాయి, ఎవరు చూస్తారు? నాకు ఇచ్చే గది తలుపు మీద అద్దం ఉందా, అది ప్రతివారం అదే గదేనా? పిల్లలు నా దగ్గరకు తామే రావచ్చా, టీచర్ పంపితేనే రావాలా? సమాధానాలు తడబడితే ఆ బడికి కావాల్సింది కౌన్సెలర్ కాదు, అల్లరి పిల్లలను కాసేపు కూర్చోబెట్టే మనిషి.

ఈ ప్రశ్నలు త్వరలో మన రెండు రాష్ట్రాలకూ అవసరం కాబోతున్నాయి. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం, వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలని ఆదేశించింది. 2019 ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో ఇరవైకి పైగా ఇళ్లలో పిల్లలు ప్రాణాలు తీసుకోవడం చూసినవాళ్లెవరూ ఈ ఆదేశం అక్కర్లేదనరు. కానీ కార్పొరేట్ కాలేజీలు దీన్ని ఎలా అమలు చేస్తాయో ఊహించడం కష్టం కాదు. హాస్టల్ వార్డెన్‌కే ఒక సర్టిఫికెట్ ఇప్పించి గోడకు పేరు రాస్తారు. జీతమిచ్చే యాజమాన్యానికే జవాబు చెప్పే మనిషి దగ్గర, యాజమాన్యం పెట్టే స్టడీ అవర్ల గురించి ఏ పిల్ల నోరు విప్పుతుంది? వారాంతపు పరీక్షలో ర్యాంకు పడిపోయిన కుర్రాడు కౌన్సెలర్ గదిలోకి వెళ్లిన సంగతి సాయంత్రానికి ప్రిన్సిపల్‌కు తెలిసిపోతే, మరుసటి వారం ఆ గదిలోకి ఎవరు వెళ్తారు?

ఇంగ్లండ్ చేసినట్టు యాజమాన్యాల ఇష్టానికి వదిలేస్తే ఇలాగే అవుతుంది. వేల్స్ చేసినట్టు స్థానిక ప్రభుత్వం చేతిలో పెడితే మార్పు వస్తుంది. కాలేజీల నుంచి విద్యార్థికి ఇంత అని రుసుము వసూలు చేసి, జిల్లా స్థాయిలో ఒక స్వతంత్ర సేవ ఏర్పాటు చేసి, కౌన్సెలర్లను అక్కడి నుంచే కాలేజీలకు పంపాలి. వాళ్ల నియామకం, బదిలీ, తొలగింపు యాజమాన్యాల చేతిలో ఉండకూడదు. నెలకు గంటన్నర సూపర్‌విజన్ తప్పనిసరి చేయాలి. సుప్రీంకోర్టు ఆదేశాన్ని అమలు చేసే జీవో రాసేటప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖలు ఈ నియమాలను అందులోనే చేర్చాలి. వచ్చే జూన్‌లో కాలేజీలు తెరిచాక చేర్చడం కాదు, అడ్మిషన్లు మొదలవకముందే.